తప్పు చేతిలో లేదు

“పది పాయింట్ రెండా? నువ్వొచ్చావని భూమి బరువు పెరిగిందామ్మా?”

ఫిజిక్స్ లెక్చరర్ రికార్డులోంచి తల ఎత్తకుండానే అన్నాడు. ఆయనకి పిల్లలు పెట్టిన పేరు స్థిరాంకం. పాఠం మారదు, జోకు మారదు, మనిషి అసలే మారడు. ఈ భూమి బరువు జోకు పోయినేడాది ఇదే అమ్మాయి మీద, ఇదే ప్రాక్టికల్ పరీక్షలో వేశాడు. వేసి, ఫెయిల్ చేశాడు.

“లోలకం ఎన్నిసార్లు ఊపినా గురుత్వ త్వరణం అంతే వస్తోంది సార్,” అంది అమ్మాయి.

ఆమెకి సర్వే ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది. సర్టిఫికెట్ పట్టుకెళ్తే చేరిపోవడమే. దానికి ఈ ఒక్క ప్రాక్టికలే అడ్డం. ఆఫీసువాళ్ళు ఇంకో ఏడాది ఆగరు.

“పక్కన ఈ ప్లస్ ఆర్ మైనస్ ఏంటి?”

“పాయింట్ ఒకటి అటూ ఇటూ తేడా ఉండొచ్చని సార్. చేత్తో కొలిచాం కదా.”

“కొలవడం రానివాళ్ళకి ఉంటుంది అటూ ఇటూ. వచ్చినవాడు ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాడు. ఏమయ్యా, నీ విలువెంతో చెప్పు.”

లేచినవాడికి పిల్లలు పెట్టిన పేరు జిరాక్స్. క్లాసులో ఫస్టు. “తొమ్మిది పాయింట్ ఎనిమిది సున్నా ఆరు సార్,” అన్నాడు వినయంగా. ఒక దారం, ఒక గుండు, ఒక స్టాప్‌వాచ్‌తో మూడు దశాంశాల దాకా తేల్చిన మహానుభావుడు. ఇంతాచేసి పొద్దుటినుంచీ అతని లోలకం కదల్లేదు, స్టాప్‌వాచ్ పెట్టెలోంచి బయటికే రాలేదు. క్లాసులో అందరిదీ అదే విద్య. పుస్తకంలో ఉన్న జవాబు ముందు రాసుకుని వెనక్కి లెక్క కట్టుకుంటూ వెళ్తే కొలతలు వాటంతటవే పుడతాయి.

“విన్నావా? అదీ చెయ్యంటే,” అన్నాడు స్థిరాంకం.

“సార్, నా చెయ్యి తడబడితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి కదా. ప్రతిసారీ ఎక్కువే వస్తోందంటే తప్పు చేతిలో లేదు.”

“చేతిలో లేకపోతే నుదుటి మీద ఉంది.”

క్లాసు నవ్వింది. ఆయన జోకులకి నవ్వడం కూడా సిలబస్‌లో భాగమే.

“స్కేలు మొదలు కొక్కేనికి ఆనించి గుండు దాకా సరిగ్గానే కొలిచాను సార్. పొడవు ఎక్కువ చూపిస్తే విలువా ఎక్కువే వస్తుంది, ఒక్కసారి ఆ స్కేలు చూడండి.”

లాబ్ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క చెక్క మీటరు స్కేలే. మిగతావి పిల్లల వీపుల మీద విరిగాయి. చేతులు పడీ పడీ సగం దాకా అంకెలు చెరిగిపోయి, చివరన వంద మాత్రం నల్లగా, దర్జాగా కనిపిస్తుంది. స్థిరాంకం దాన్ని చూడనైనా చూడలేదు.

“ఎన్నేళ్ళ నుంచో నా చేతుల మీదున్న స్కేలది. దాంతో ఎన్ని బ్యాచ్‌లు తొమ్మిది పాయింట్ ఎనిమిది తెచ్చాయో తెలుసా? అందరికీ బాగున్న స్కేలు నీ ఒక్కదానికే చెడిందా? ఆడలేక మద్దెల ఓడు అందట, నీలాంటిదే.”

అమ్మాయి మళ్ళీ స్కేలు వైపే చూసింది.

“ఈ టేబుల్ చూడు,” అని ఆయన రెండు చేతులూ దానిమీద ఆన్చాడు. “ఒక కాలు పొట్టిదై, నీ లోలకం కంటే ఎక్కువ ఊగేది. ప్రిన్సిపాల్ వడ్రంగిని పిలుస్తానన్నాడు. ఎందుకండీ అన్నాను. నేనే ఇంత చెక్కముక్క కోసి కాలు కింద పెట్టాను. ఆనాటినుంచి మళ్ళీ కదిలితే ఒట్టు. ఫిజిక్స్ అంటే అదీ. పనిముట్టుని తిట్టడం కాదు, పని రావాలి.”

కదలని టేబుల్, దాని వెనక కదలని ఆయన. జిరాక్స్ తల ఊపాడు, మార్కులు ఇంకా పడలేదు మరి.

“అక్కా, తొమ్మిది పాయింట్ ఎనిమిది రాసెయ్,” అన్నాడు గొంతు తగ్గించి. “నీ సొమ్మేం పోయింది?”

స్థిరాంకానికి వినబడింది. ఆయన దయ పొంగింది. “సరే, కొట్టేసి రాయి. పాస్ చేస్తాను.”

అమ్మాయి పెన్ను తీసింది. ఒక్క గీత కొడితే ఉద్యోగం. ఆమెకి ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. పెన్ను మూత పెట్టేసింది.

“రేపు సర్వేకి వెళ్ళి, ఎవరి స్థలమో కొలిచి, వాళ్ళకి నచ్చిన అంకే రాసివ్వాలా సార్?”

లాబ్‌లో ఎవరూ నవ్వలేదు. స్థిరాంకం మొహం కందిపోయింది. రికార్డు లాక్కుని, పేజీ నిండేంత గుండ్రంగా సున్నా చుట్టాడు.

“ఇదిగో నీ మార్కు. దీనికి అటూ ఇటూ ఏమీ ఉండదు.”

రికార్డుని టేబుల్ మీద ఠపీమని కొట్టాడు. ఆ దెబ్బకి టేబుల్ అదిరి ఒక పక్కకి ఒరిగింది. పెన్నులు దొర్లాయి, రికార్డు జారి కింద పడింది. ఆయన విసుక్కుంటూ జారిపోతున్న కాగితాలు పట్టుకున్నాడు.

అమ్మాయి రికార్డు కోసం వంగింది. దాని పక్కనే, కాలు కిందనుంచి ఎగిరిపడ్డ చెక్కముక్క. ఆమె దాన్ని తీసి, ఇన్నేళ్ళూ నేలకి ఆనుకుని ఉన్న వైపు తిప్పి, దుమ్ము తుడిచింది.

దానిమీద సున్నా నుంచి నాలుగు దాకా సెంటీమీటర్ల గీతలున్నాయి.