నూకన్న పథ్యం

కిటికీకి కట్టిన టార్పాలిన్‌ను ఎవరో బయటినుంచి లాగేశారు.

రెండు నెలలుగా చీకటికి అలవాటుపడిన గదిలోకి ఎండ ఒక్కసారిగా వచ్చిపడింది. మంచంమీది నూకన్న అరచేత్తో కళ్లు కప్పుకున్నాడు.

అతని భార్య గురమ్మ చేతిలోని చీపురుతో సహా బయటికి ఉరికింది.

వాకిట్లో అరవై దాటిన మనిషొకడు టార్పాలిన్ కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవులు బాబూ నువ్వు? దొంగతనానికి పట్టపగలే దొరికిందేటి?"

"నా పేరు వాసుదేవ్, దీదీ. మాది బ్రూక్షాబాద్. మీ ఆయనకి అరికాల్లో చర్మ క్యాన్సరొస్తే కోసి తీశారని విన్నాను. ఆ మనిషికి కాస్త ఎండ తగలనివ్వు."

"ఎండకే గదా ఆ జబ్బొచ్చేది! బడి టీచరమ్మ సెప్పింది."

"అరికాలికి ఎండెప్పుడు తగిలింది దీదీ?"

జవాబు తోచనప్పుడు గొంతు పెంచడం గురమ్మకు అలవాటు.

"పెళ్లాన్ని నేనా, నువ్వా? కంటికి రెప్పలాగ సూసుకుంటన్నాను. కోత పడిన ఒంటికి నీసు పనికిరాదని సేపముక్క గడప దాటనివ్వలేదు. ఈ జంగ్లీఘాట్ జాలరిపేట మొత్తానికి సేపలొండని కొంప ఇదొక్కటే!"

"అందుకే వచ్చాను. చేప పెట్టు. పొద్దుటెండలో కాసేపు కూచోబెట్టు. బీడీ మాత్రం మానిపించు."

"సంద్రంలో ఏట మానేసినాడు, ఎండ మానేసినాడు, సేప మానేసినాడు. ఆ మనిసికి మిగిలింది బీడీ ఒక్కటే. అదీ లాగేసుకోమంటావా?"

"ఒంట్లో డి విటమిన్ ఎంతుందో రక్తం పరీక్ష చేయించు. తక్కువుంటే..."

"ఓహో! ఇప్పుడు బయటపడ్డాది గుట్టు. మొన్నొకడు విటమిన్ డబ్బాలట్టుకుని గోల్ ఘర్ బజారంతా తిరిగినాడు. నీ డబ్బా ఏ రంగు భయ్యా?"

పక్క వాకిళ్లలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు గొల్లుమన్నారు.

"నా దగ్గర డబ్బాలేమీ లేవు" అన్నాడు వాసుదేవ్, తప్పు చేసినవాడిలా.

లోపలినుంచి నూకన్న గొంతు పెగిలింది.

"గురమ్మా, ఆయన సెప్పింది బాగానే ఉంది గదే. కవళ్ల సేపల పులుసు ఓ గరిటెడు..."

"నువ్వూరుకో! నాలిక్కి లొంగితే పేణం మీదకొస్తాది."

వాసుదేవ్ మరి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి గురమ్మ తలుపు తియ్యలేదు. మూడోసారి అంట్లు కడిగిన నీళ్లు నెత్తిన కుమ్మరించింది.

అతడు తడిసిన చొక్కా పిండుకుంటూ, "మా ఇల్లు బస్టాపుకి ఎదురుగానే దీదీ. మనసు మారితే కబురు పెట్టు" అని వెళ్లిపోయాడు.

నూకన్న పథ్యం ఒక్క పూట కూడా తప్పలేదు. కోత పడిన ఎనిమిదో నెలలో జబ్బు గజ్జల్లో గడ్డగా లేచి, ఊపిరితిత్తులకు పాకింది.

ఆసుపత్రిలో ఆ కోత కోసిన డాక్టర్ వీరేంద్ర రక్తపరీక్ష కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"సముద్రం మీద బతికిన మనిషి ఒంట్లో డి విటమిన్ ఇంతగా అడుగంటడం నేనెప్పుడూ చూడలేదు. తిండీ తిరుగుడూ నార్మల్‌గా ఉంచమన్నాను కదా అమ్మా?"

"నార్మల్‌గానే సూసుకున్నాను డాక్టర్ సాబ్. పత్యం తప్పనివ్వలేదు."

వీరేంద్ర చదివిన చదువులో నార్మల్ అన్న మాటకున్న అర్థం వేరు. గురమ్మ వంటింట్లో మాత్రం, కోత పడినవాడికి పథ్యమే నార్మల్.

"చేప?"

"ఆపేసినాను."

"ఎండ?"

"ఆపేసినాను."

"బీడీ?"

"అదొక్కటే ఉంచినాను."

"విటమిన్ సరిగ్గా ఉంటే బతికేవాడని నేననను. ఈ జబ్బులో అది తక్కువున్నవాళ్లూ, పొగ మాననివాళ్లూ త్వరగా ఓడిపోతున్నట్టు మాత్రం పరిశోధనల్లో కనబడుతోంది. ఈ సంగతి మీకెవరూ చెప్పలేదా?"

నూకన్న ఆ వారంలోనే పోయాడు.

పెద్దకర్మ ముగిశాక ఆమె ఒంటరిగా బ్రూక్షాబాద్ బస్సెక్కింది.

తలుపు తీసింది వాసుదేవ్ భార్య.

"ఆయన ఇంట్లో లేరమ్మా. గరాచర్మలో ఎవరికో ఇదే జబ్బని తెలిసి, పొద్దున్నే పోయారు. అక్కడెన్ని తిట్లు తింటున్నారో!"

"కాళ్లట్టుకుందామని వచ్చినాను తల్లీ. డాక్టరుగోరని తెలీక ఎంగిలినీళ్లు పోసినాను."

"డాక్టరేమిటి? వడ్రంగిపని చేసి రిటైరైన మనిషి."

"మరి ఎరగనోళ్ల గడపలెక్కి మాటలు పడడానికి ఆయనకేటి పట్టింది?"

ఆమె గురమ్మను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాత అన్నది:

"మా అబ్బాయికి మడమ దగ్గర ఇదే జబ్బొస్తే, ఎండపొడ సోకకుండా కిటికీలకు చెక్కలు కొట్టి, చేప వాసనైనా తగలనివ్వకుండా, వాడు పోయేదాకా నీలాగే కంటికి రెప్పలా చూసుకున్నది ఆయనేనమ్మా."