తల్లి చెవి

“ఇంకొక్కసారి పిలువు సేటూ. కొంచెం పొడుగ్గ. ఆకలైనట్టు.”

బసవపున్నయ్యకు ఒళ్లు మండిపోయింది. యాభై రెండేళ్ల మనిషి. ఖమ్మంలో వైరా రోడ్డు మీద పేరున్న రేడియోల షాపు. పట్టపగలు షాపు మధ్యలో నిలబడి, టేపురికార్డరు మైకు పట్టుకుని “అమ్మా...” అని పిలవాలట! ఇది పదకొండోసారి. ఎదురు కిళ్లీకొట్టు దగ్గర నలుగురు చేరి సినిమా చూసినట్టు చూస్తున్నారు.

“అమ్మా...” అన్నాడు పళ్లు కొరుకుతూ.

“కోపంగ కాదు సేటూ. ఆకలిగ.”

ఈ లచ్చయ్య టేకులపల్లి అవతలి నుంచి మూడు రోజులుగా మొదటి బస్సుకే దిగుతున్నాడు. జర్మనీ స్పీకరు బాక్సులు కొనాలా, వద్దా? అదొక్కటీ తేల్చుకోలేక సేటు ప్రాణం తోడేస్తున్నాడు. అవి మామూలు బాక్సులు కావు. నడుమెత్తు ఉంటాయి. ముచ్చటపడి బొంబాయి నుంచి తెప్పిస్తే, రెండేళ్లుగా వచ్చినవాడల్లా తట్టి చూసి, ధర విని, రెండు బ్యాటరీలు కొనుక్కుని పోతున్నాడు.

మొదటి రోజు లచ్చయ్య అడిగింది ఒకటే.

“వీటిల గొంతు అసలు లెక్కనె వస్తదా?”

“అసలు కంటే బాగా వస్తుందయ్యా!”

“బాగ నాకేం జేసుకోను? అసలు లెక్క రావాలె.”

అక్కడ పట్టుకుంది శని. పరీక్ష కూడా అతనే పెట్టాడు. సేటు గొంతు ముందు టేపులో పట్టాలి. తర్వాత లచ్చయ్య గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటాడు. ఒకసారి సేటు పిలవాలి, ఒకసారి బాక్సు పిలవాలి. ఏది ఎవరో అతను చెప్పాలి. చౌక బాక్సుల్ని చిటికెలో పట్టేశాడు. “ఇది డబ్బ.” “ఇది గూడ డబ్బనె.” రెండో రోజు, పోనీ కిరాయికి ఇస్తావా అని అడిగాడు. “పెళ్లి మైకులనుకున్నావా?” అని సేటు కసిరాడు. ఆ కసురు చెవిన పడనట్టే మర్నాడు మళ్లీ దిగాడు.

ఇవాళ జర్మనీ బాక్సుల వంతు. బాక్సు “అమ్మా” అంది.

“ఇది నువ్వే సేటూ,” అన్నాడు లచ్చయ్య.

“కాదు! బాక్సు! మోసపోయావు!” బసవపున్నయ్య దాదాపు గంతేశాడు. “ఇక బిల్లు రాయనా?”

“నేను మోసపోయిన. గని అది నమ్మాలె గద?”

‘అది ఒప్పుకోవాలి’ అంటూ పెళ్లాం మీదికి నెట్టి బేరం దాటేసే మొగుళ్లను బసవపున్నయ్య రోజుకు పదిమందిని చూస్తాడు. వాళ్లందరి మీదా ఉన్న చిరాకు ఒక్కసారే పైకొచ్చింది.

“నీకు నచ్చితే చాలదా? దానికేం తెలుస్తుందయ్యా!”

“గట్లంటవేంది సేటూ? తల్లి చెవి. తెల్వకుంట ఉంటదా?”

“తల్లా?”

“పుట్టిన పదో దినానికే పిల్ల సచ్చిపోయింది. గప్పటి సంది ఏం ముడ్తలేదు. గుక్కెడు నీళ్లు తాగి, ఆ మూలకే చూస్తది. నన్ను గూడ దగ్గరికి రానిస్తలేదు.” లచ్చయ్య తువ్వాలుతో మొఖం తుడుచుకున్నాడు. “పిల్ల గొంతు ఒక్కసారి మా బామ్మర్ది పట్టిండు, కొత్త టేపు మోజుల. ఆ చిన్న టేపుల పెడితె తల తిప్పి చూసింది. మల్ల మొఖం తిప్పుకుంది. డబ్బ గొంతని తెలిసిపోయింది.”

బసవపున్నయ్యకు మూడు రోజులుగా ఇతన్ని మనసులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

“డాక్టరుకు చూపించావా?”

“అవ్. సూదేసిండు. రోగం కాదు, బెంగ అన్నడు. గిట్లనె ఉంటె దక్కదన్నడు. అది మా ఇంట్ల కాలు పెట్టినంకనె మేం నాలుగు మెతుకులు తిన్నం సేటూ. అది పోతె మా ఇల్లు మునుగుతది.”

“మరి దాన్నే ఇక్కడికి తీసుకురావయ్యా. వింటుంది.”

“అది బస్సెక్కుతదా సేటూ?” అన్నాడు లచ్చయ్య, అయోమయంగా చూస్తూ.

నిజమే, పాపం, అంత నీరసంలో ఎలా ఎక్కుతుంది? “రేపు నేనే బాక్సుల్ని జీపులో మీ ఇంటికి పట్టుకొస్తాను. నమ్మితే కొను. నమ్మకపోతే నా బాక్సులు నేను తెచ్చుకుంటా,” అన్నాడు బసవపున్నయ్య.

“ముప్పై గజాల వైరు గూడ తే సేటూ.”

ఎందుకని అడగబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి భార్య ప్రమీలారాణికి చెబితే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. “బాలింత కూడాను. ఒక్క తొనైనా దగ్గరుండి తినిపించి రండి,” అని డజను బత్తాయిలు కట్టిచ్చింది.

మర్నాడు జీపు లచ్చయ్య వాకిట్లో ఆగేసరికి అతను బాక్సులకు కరెంటు సరిచేయడానికి బావి మోటారు దగ్గరికి వెళ్లి ఉన్నాడు. లోపలి నుంచి అతని భార్య సమ్మక్క వచ్చింది. ఆమెను చూడగానే బసవపున్నయ్య బత్తాయిల సంచి చేతిలో పెట్టాడు.

“ధైర్యంగా ఉండమ్మా. నా మాట విని ఒక్క కాయ తిను.”

సమ్మక్క ఆయన్ని వింతగా చూసింది. మర్యాదకు ఒక కాయ వొలిచింది. తొన వెనక తొన, మొత్తం తినేసింది. అన్ని రోజులుగా ఏమీ ముట్టని మనిషి! బాక్సులు దించకముందే ఈ మార్పేమిటని బసవపున్నయ్య కళ్లు చెమర్చాయి.

సమ్మక్క మూతి తుడుచుకుని, అరుగు మీద బోర్లించిన పాలచెంబు చేతిలోకి తీసుకుంది.

“బత్తాయిలు మంచిగున్నయ్ అన్నా, ఇగ జల్దీ ఆ డబ్బలు కొట్టంల పెట్టు, దూడ గొంతు విన్నంకనన్న మా బర్రె పాలు చేపుతదేమొ చూద్దం.”