ఫ్రిజ్‌లో మూడో ఫోన్

సాక్ష్యం చెప్పేవాళ్ల ఇంట్లో అడుగుపెట్టగానే, మాటలు ఎవరూ చాటుగా వినకుండా ఫోన్లన్నీ ఫ్రిజ్‌లో పెట్టడం ఇదిల్‌కు అలవాటు. ఉగ్రవాదం పేరు చెప్పి ప్రభుత్వం ఎత్తుకుపోయిన మనుషుల గురించి ఏళ్ల తరబడి ఆరా తీస్తున్న మనిషి ఆమె. ఆ రాత్రి మినియాపొలిస్‌లో మంచు కురుస్తుంటే, తన ఫోనూ, ఆ ఇంటి ముసలామె హవేయో ఫోనూ పాలడబ్బా పక్కన పెట్టి తలుపు మూసింది.

"పాలు మాత్రం వినవా? వాటినీ బయట పెట్టెయ్యనా?" అంది హవేయో.

"విన్నా ఎవరికీ చెప్పవులే అత్తా."

ముసలామె నవ్వుతూ టీ పోసింది. కొడుకు లిబాన్ సంగతి ఎత్తగానే ఆ నవ్వు పోయింది. వాణ్ణి విమానాశ్రయంలో పట్టుకుపోయారు. ఎక్కడ ఉంచారో చెప్పలేదు గానీ, బయట నోరు విప్పితే ఇక వాణ్ణి చూడవని మాత్రం చెప్పారు. అయినా ఆమె గొంతు తగ్గించి అంతా చెప్పింది. వాణ్ణి పట్టుకుపోవడం కళ్లారా చూసినవాళ్ల పేర్లు కూడా చెప్పింది.

ఆమె మాట ఆగాక వంటగదిలో చప్పుడే లేదు. ఫ్రిజ్ రొద కూడా ఎప్పుడో ఆగిపోయింది.

ఇదిల్ తలుపు తీసింది. లోపల మూడు ఫోన్లున్నాయి. మూడోదానికి ఒక మూల పగిలి, వెనక ఒంటె బొమ్మ అంటించి ఉంది.

"అది మావాడిది," అంది హవేయో. "వాడితో పాటే దాన్నీ తీసుకుపోయారు."

అంత చల్లటి అరలోనూ అది అప్పుడే జేబులోంచి తీసినట్టు వెచ్చగా ఉంది. తెర మీద కాల్ నడుస్తోంది. వాళ్లు టీకి కూర్చున్నప్పటి నుంచీ నడుస్తోంది.

ఇదిల్ ఆపబోతుంటే ముసలామె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా," అన్నాడు లిబాన్ ఫోన్‌లోంచి, చిన్నప్పటిలా గారంగా. "ఆ చివరి పేరు సరిగ్గా వినపళ్లేదు. ఇంకోసారి చెప్పవూ?"

హవేయో పెదవులు కదిలాయి.