మార్చి అన్నదెవడు?

"థూ!" అని ఉమ్మేశాడు ఫకీర్. పత్రిక మీద పడాల్సిందే. అబ్రహాం చటుక్కున పక్కకు లాక్కోబట్టి నేల మీద పడింది.

"ఇంకొకసారి చదువుండ్రి సారూ. జెర నిమ్మళంగ చదువుండ్రి."

అబ్రహాం మళ్లీ చదివాడు. విదేశాల నుంచి వస్తున్న క్రికెట్ జట్టు ఏ ఊళ్లో ఎప్పుడు ఆడుతుందో అచ్చేసిన జాబితా అది. బొంబాయి ఉంది, మద్రాసు ఉంది, కలకత్తా ఉంది. ఎప్పుడూ పేరు వినని ఊళ్లు కూడా రెండు మూడున్నాయి. సికింద్రాబాదు మాత్రం లేదు.

ఫకీర్ ముప్ఫై ఏళ్లుగా సికింద్రాబాదు క్లబ్బు మైదానంలో పచ్చికా పిచ్ చూసుకునే మాలీ. సెప్టెంబరులో నిజాం మీద పోలీసు చర్య ముగిసిన కొద్దిరోజులకే మిలిటరీవాళ్లు వచ్చి, లారీలు నిలుపుకోడానికి మైదానాన్ని టేపుతో కొలుచుకుపోయారు. పెద్ద ఆట ఒక్కటి ఖాయమైతే ఈ నేల జోలికి రామన్నారు. లేదంటే నవంబరు ఆఖరుకు లారీలు దిగుతాయన్నారు.

అందుకే క్లబ్బు గుమాస్తా అబ్రహాం బొంబాయిలోని క్రికెట్ పెద్దలకు ఉత్తరం రాశాడు. అబ్రహాం గుంటూరు మనిషి. గొడవలు సద్దుమణిగాకే వచ్చి, మారేడ్‌పల్లిలో చుట్టాలింట్లో దిగి, ఈ ఉద్యోగంలో చేరాడు. బుద్ధిమంతుడు. ఎవరు ఏం చెప్పినా నోటుబుక్కులో రాసుకుంటాడు. ఉత్తరం రాసేముందు పిచ్ ఎప్పటికి తయారవుతుందని అడిగితే, ఫకీర్ రోలర్ వదలకుండానే తేదీ చెప్పాడు. అబ్రహాం అదీ రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఫకీర్ కడుపునిండా తిన్నది లేదు. చెరువు నుంచి నల్లమట్టి తెప్పించి పరిచాడు. నీళ్లు కొట్టాడు, తొక్కాడు, రోలర్ లాగాడు. సామాను గది గోడకు ఉర్దూ అక్షరాల నిజాం సర్కారు క్యాలెండరు ఉంది, అజూర్ నెల ఒకటో తేదీన కొత్తగా తగిలించింది. అందులో రోజుకొక తేదీ కొట్టేస్తూ వచ్చాడు. ఇంకో మూడు వారాల పనే మిగిలింది.

ఇప్పుడు ఈ జాబితా!

మర్నాటి నుంచి పత్రికలు అందుకున్నాయి. అబ్రహాం రోజూ పొద్దున్నే తెచ్చి చదివి వినిపించేవాడు. రజాకార్లు తిరిగిన ఊరికి పరాయి దేశపు పిల్లల్ని ఎలా పంపుతాం అని మద్రాసు పత్రిక వాపోయింది. ఆ రాతినేల మీద ఆడితే పళ్లు రాలతాయని బొంబాయి పత్రిక వెటకారం చేసింది. ఓడినవాళ్ల గడప ఎవరు తొక్కుతారని మన ఊరి పత్రికే ఏడ్చింది. ఒకరు రాసినదానికి ఇంకొకరు రాసినదానికి పొంతన లేదు.

"ఒక్కడన్న వచ్చి ఈ మట్టి మీద కాలు వెట్టి చూసిండా సారూ? కూసున్న కాడికెళ్లే రాసుడా? గీ రాతల కన్న మోరీ నీళ్లు నయం!"

"పోనివ్వండి ఫకీర్ సాబ్. నాకూ చదవాలంటే రోతగానే ఉంది" అన్నాడు అబ్రహాం.

నాలుగో రోజు పత్రిక తెరిచి అబ్రహాం నీళ్లు నమిలాడు. ఫకీర్ గద్దిస్తే అప్పుడు చదివాడు. బొంబాయి పెద్దలు జవాబిచ్చారు. తప్పు తమది కాదట. మార్చి నెలకు గానీ పిచ్ తయారు కాదని సికింద్రాబాదు క్లబ్బే రాసిందట. జట్టేమో ఫిబ్రవరిలోనే తిరుగు ఓడ ఎక్కుతుందట. ఆ కింద పత్రికవాడి చమత్కారం ఒకటి: "వీళ్లు పిచ్ చేస్తున్నారా, ఇంకో గోల్కొండ కడుతున్నారా?"

సాయంత్రానికల్లా ఆ మాట రాంగోపాల్‌పేట్ ఇరానీ హోటల్ దాకా పాకింది. ఫకీర్ చాయ్ ముందు కూర్చోగానే ఎవడో అరిచాడు. "ఏంది ఫకీర్ భాయ్, గోల్కొండ ఎంతవరకొచ్చె?"

హోటలంతా ఘొల్లుమంది. ఫకీర్ చాయ్ ముట్టకుండా లేచొచ్చాడు. ముప్ఫై ఏళ్ల చాకిరీకి దక్కిన మర్యాద అది.

తెల్లవారి మైదానం గేటు ముందు రెండు లారీలు ఆగి ఉన్నాయి. అబ్రహాం తాళంచెవి పట్టుకుని వచ్చాడు. ఫకీర్ సామాను గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మార్చి అన్నదెవడు సారూ? నాకు గదొక్కటి చెప్పుండ్రి. ఆ గాడిద కొడుకును తీస్కరాండ్రి, నా రోలర్ కింద పండవెడ్త. ఆని నోట్ల పురుగులు వడ!"

"అలా తిట్టకండి."

"ఎందుకు తిట్టొద్దు? ఆడు నా నోట్ల మన్ను కొట్టిండు. మీరే కలిపిన్రా ఏంది?"

"దేవుడి తోడు, సొంతంగా ఒక్క ముక్క కలపలేదండీ. విన్నది విన్నట్టే రాశాను."

"మరి ఎవడు చెప్పిండు? పేరు చెప్పుండ్రి!"

గేటు దగ్గర లారీ హారన్ మోగింది. అబ్రహాం నోటుబుక్కు తీశాడు. పేజీలు తిప్పి చదివాడు.

"'పిచ్ ఎప్పటికి? మూడో నెల పదిహేనుకు పక్కా. చెప్పినవారు ఫకీర్.'"

"అవ్, నేనే అన్న. ఇప్పుడు సుత అంటున్న. మూడో నెల పదిహేనుకు పక్కా! దాంట్ల మార్చి ఏడికెళ్లి వచ్చె?"

"మూడో నెలంటే మార్చే కదండీ?"



ఫకీర్ గోడమీది క్యాలెండరు వైపు తిరిగి ఒక్కొక్క వేలే మడిచాడు: ఏడాది మొదలయ్యే అజూర్ అంటే అక్టోబరు, రెండోది దై అంటే నవంబరు, మూడోది బహ్మన్, అబ్రహాం లెక్కలో డిసెంబరు.