పెదవుల దగ్గర కత్తి

“మాంసం ముక్కని పళ్ళతో పట్టుకో. కత్తి కింద నుంచి పైకి రావాలి. ముక్కు జాగ్రత్త,” అన్నాడు ఆన్సెల్మో, తన ముక్కు ఒకసారి తడుముకుని చూపిస్తూ.

చుట్టూ నిలబడ్డ పదిమందీ నవ్వారు. డాక్టర్ బాబూరావు నవ్వలేదు. ఆయన కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. జనవరిలో మంచు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఆ చెయ్యి జేబులోనే కాపురం పెట్టింది. ఇప్పుడు మే నెల, రెండువేల పద్నాలుగు.

ఇంగ్లండులోని లీడ్స్‌లో బాబూరావుకి రెండు విషయాల్లో పేరుంది. గ్రహణమొర్రితో పుట్టిన పిల్లలకి ఆపరేషన్ చేసి పెదవి కలపడం మొదటిది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రెండోది గౌచో కత్తుల పిచ్చి. గౌచోలంటే దక్షిణ అమెరికాలో గుర్రాలెక్కి పశువుల్ని కాసేవాళ్ళు. నడుముకి వెనకవైపు కత్తి దోపుకుంటారు. పనీ దాంతోనే, భోజనమూ దాంతోనే, ప్లేటూ ఫోర్కూ అక్కర్లేదు. అలాంటి కత్తులు ముప్ఫై ఒకటి సంపాదించి గాజు బీరువాలో పేర్చుకున్నాడు డాక్టరుగారు. వాటిలో ఒక్కదానితోనూ ఉల్లిపాయ తరిగిన పాపాన పోలేదు.

ఆయనకి దక్కని కత్తి ఒక్కటే, ఆన్సెల్మోది. ఆన్సెల్మో అర్జెంటీనా నుంచి వచ్చి లీడ్స్ బయట గొర్రెలు పెంచుకుంటున్నాడు. కత్తి వాళ్ళ తాతది. వెండి పిడి, నూరి నూరి సగానికి సగం అరిగిపోయిన అంచు. బాబూరావు తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాడు. బీరువాలో పెట్టేవాడికి ఇవ్వనని ఆన్సెల్మో తొమ్మిదేళ్ళుగా అదే జవాబు చెబుతున్నాడు.

విరిగిన ఎముక ఎప్పుడో అతుక్కుంది. చెయ్యి పూర్తిగా బాగుపడిందని ఫిజియోథెరపిస్టు రాసిచ్చింది. బాబూరావే నమ్మలేదు. యాపిల్ కూడా భార్య చేతే కోయించుకుంటున్నాడు. పసిపిల్ల పెదవి మీద కత్తి పెట్టాక చెయ్యి వణికితే? మళ్ళీ రోటాలో, అంటే ఆపరేషన్ల డ్యూటీ పట్టికలో, పేరు వెయ్యాలో, రిటైర్ అవుతారో సోమవారంలోగా చెప్పమని హాస్పిటల్ వాళ్ళు అడిగారు. రిటైర్మెంట్ ఉత్తరం టైపు చేసి ఇంట్లో పెట్టి వచ్చాడు. ఇవాళ ఆదివారం, ఆన్సెల్మో గొర్రెల ఫారంలో విందు.

ఈ కబురు ఆన్సెల్మోకీ తెలిసినట్టుంది. నిప్పుల పక్కన నిలబెట్టి కాల్చిన గొర్రెపిల్ల నుంచి పక్కటెముకల ముక్క ఒకటి తెచ్చాడు. తాత కత్తి ఒరలోంచి తీసి దాని పక్కనే పెట్టాడు.

“రక్తం చుక్క రాకుండా మా పద్ధతిలో మూడుసార్లు కోసుకుని తిను. కత్తి నీది.”

బాబూరావు చూపు కత్తి మీద ఆగిపోయింది. తల అడ్డంగా ఊపబోతుంటే పక్కనుంచి భార్య హైమావతి అందుకుంది.

“ఆ చేత్తో మీవల్లేం అవుతుందండీ? ఇనపముక్క కోసం మూతి కోసుకుంటారా? పదండి, ఇంటికి పోదాం.”

హైమావతి వద్దన్న పనల్లా బాబూరావు చేసి తీరాడు. లండన్ పక్కన స్టాన్‌మోర్ వదలొద్దంది, లీడ్స్ వచ్చాడు. ఎర్ర కారు వద్దంది, ఎర్రదే కొన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట నెగ్గిన సందర్భం ఆయనకైతే గుర్తులేదు.

“నావల్ల కాదా?” అని జేబులోంచి చెయ్యి తీశాడు.

మాంసం అంచు పళ్ళతో కరిచి, రెండో కొస ఎడంచేత్తో లాగి పట్టుకున్నాడు. కత్తి కిందికి చేర్చాడు. చెయ్యి వణికింది. ఆగాడు. కత్తి చల్లదనం పెదవికి తగులుతోంది. ఇంతకంటే దగ్గరగా, ఇంతకంటే చిన్న పెదవుల మీద రోజూ కత్తి పట్టిన మనిషి. చెయ్యి ఎక్కడ ఆగాలో బుర్ర కంటే ముందు చేతికే తెలిసింది. కత్తి ఒక్క ఊపున పైకి లేచింది. ముక్క తెగింది.

మూతి తుడుచుకుని చూసుకున్నాడు. జిడ్డే తప్ప రక్తం లేదు.

రెండోసారి కోసేటప్పుడు వణుకు రాలేదు. మూడోసారి ఆన్సెల్మో కావాలనే నరాలున్న చోటు చూపించాడు. అదీ వెన్నలా తెగింది. పందెం మూడింటికే అయినా బాబూరావు ఆగలేదు, నాలుగోది కోశాడు, ఐదోది కోశాడు. జనం చప్పట్లు కొడుతుంటే కత్తి ఎత్తి చూపించి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని ఐదు నెలలైంది. హైమావతి గొర్రెల వైపు తిరిగి నిలబడింది.

అక్కడి నుంచే హాస్పిటల్ మేనేజరుకి ఫోన్ చేసి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టాడు. రేపటి నుంచి తన పేరు రోటాలో వెయ్యమన్నాడు. మొదటి ఆపరేషన్ పెద్దదైనా ఫర్వాలేదన్నాడు. ఆనందం పట్టలేక అదే మెసేజ్ రెండోసారి కూడా పెట్టాడు.

“నువ్వు వద్దన్నావు, గుర్తుందా?” అన్నాడు భార్యతో, గెలిచినవాడి గీరతో.

“అంటాను. మీరు నా మాట ఎప్పుడు విన్నారు గనక,” అంది హైమావతి, ఆయన చొక్కా మీది జిడ్డు తుడుస్తూ.

ఇక ఆ కత్తిని బీరువాలో పెట్టననీ, రోజూ దాంతోనే తింటాననీ ఆన్సెల్మోకి మాటిచ్చాడు. దారిలో పోలీసులు ఆపితే సమాధానం చెప్పుకోలేక చావాలని దాన్ని తువ్వాల్లో చుట్టి డిక్కీలో సర్దుకోవడానికి వెళ్ళాడు. ఎటు తిప్పి పెట్టినా గీత పడుతుందేమోనని తీస్తాడు, మళ్ళీ పెడతాడు.

ఆన్సెల్మో కారు ముందువైపుకి వచ్చి, అప్పటికే లోపల కూర్చున్న హైమావతి కిటికీ దగ్గర వంగి గొంతు తగ్గించాడు.

“ఒప్పుకోకపోతే పందెం మాట మూడుసార్లైనా ఎత్తమని నాకు ముందే చెప్పారు కదా మీరు. మీరు వద్దనగానే, ఒక్కసారికే పడ్డాడు.”