తొమ్మిదో బండి

మొదట్లో లింగరాజు చేతిలో ఉన్నవి ఇవి: యాంగోన్ అహ్లోన్ పేటలో ఇంటి వెనక నాలుగు సిమెంటు తొట్లు, వాటి నిండా గప్పీ చేపలు, దండాసి తోలే పాత పికప్ బండి, కలావ్‌లో ఒకే ఒక్క గిరాకీ.

కలావ్ చలి కొండ ఊరు. యాంగోన్ నుంచి పగలంతా ప్రయాణం. అక్కడ చిన్న లాడ్జీ నడిపే వాసుదేవరావుకి పెరట్లో పెద్ద నీళ్ళ గుంట ఉంది. అందులో రంగురంగుల గప్పీలు తిరగాలని ఆయన ముచ్చట. గప్పీలు వెచ్చటి నీళ్ళకి అలవాటు పడ్డవి. ఆరుబయట, ఆ చలికి, నాలుగు రోజుల్లో వెల్లకిలా తేలిపోతాయి. ఆయన మళ్ళీ ఆర్డరు పెడతాడు. లింగరాజు మళ్ళీ పంపుతాడు. బండిలో నాలుగు పీపాలు, దారిలో నీళ్ళు కదపడానికి వెనక ఇద్దరు మనుషులు. కార్తీకం వెళ్ళాక మొదలైన ఈ బేరం ఎనిమిది బళ్ళు నడిచింది.

పబేడాన్ బజారులో లింగరాజుది అక్వేరియం కొట్టు. పక్క కొట్టు వీరన్న ఉండబట్టలేక అడిగేశాడు.

“ఏటి లింగరాజూ, సచ్చిపోతాయని తెలిసీ అమ్ముతున్నావు. అదీ పెట్రోలుకి కూడా సాలని రేటుకి. ముసలోడివైపోనావు, బేరం మర్సిపోనావు.”

“సస్తేనే గదా మళ్ళీ కొంతాడు” అన్నాడు లింగరాజు.

“ఓరి నీ తెలివి తగలెయ్య!” అని వీరన్న నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన కొట్లోంచి టీ రావడం మానేసింది.

తొమ్మిదో బండి శుక్రవారం బయల్దేరాలి. మంగళవారం పొద్దున్నే వాసుదేవరావు ఫోను చేశాడు. గొంతు పండగలా ఉంది.

“లింగరాజు గోరూ, బతికేసినాయండీ! పది రోజులైనాది, ఒక్కటంటే ఒక్కటి తేల్నేదు!”

లింగరాజు తొట్టి గట్టు పట్టుకుని కూర్చుండిపోయాడు.

“ఎలాగండీ?”

“గుంట నడుమ నాలుగడుగులు తవ్వించేసినాను. పొద్దు వాలగానే పైన ప్లాస్టిక్ పట్టా కప్పుతున్నాను. గుర్రపుడెక్క ఏసినాను. అడుక్కి పోయి దాక్కుంటన్నాయండీ, దొంగ సచ్చినోళ్ళు! ఒకటి పిల్లల్ని కూడా పెట్టినాది. ఇంక మీకు శ్రమ నేదు. బండి పంపక్కర్నేదు.”

ఫోను పెట్టేశాక లింగరాజు భార్య మంగాయమ్మని పిలిచి ఆ మాటే చెప్పాడు. ఆమె చేతిలో చేట కింద పడింది. బియ్యం ఎత్తడానికి ఇద్దరిలో ఒక్కరూ వంగలేదు.

“శుక్రవారం దాటితే మన బతుకేటండీ?” అంది.

“నాకు తెలీదా?”

ఆర్డరు కాయితం లేనిదే బండి కదలదు. దారి పొడుగునా తనిఖీ గేట్లు. ప్రతి గేటు దగ్గరా కాయితం అడుగుతారు. అనుమానం వస్తే కొన్నవాడికే ఫోను చేస్తారు. లింగరాజు ఆ రోజంతా కలావ్‌లో తెలిసిన నంబర్లన్నిటికీ చేశాడు. హోటళ్ళు, ఒక పూలతోట, ఒక డాక్టరు. ఈ చలికి బయట గప్పీలా అని అందరూ ఒకే నవ్వు నవ్వారు. ఆ చలి కొండ మీద అంత పిచ్చి ఉన్న మనిషి వాసుదేవరావు ఒక్కడే. ఆయన చేపలు బతికేశాయి.

పంచదార డబ్బాలో చీమలుంటే ఊది వదిలేసే మంగాయమ్మ, దేవుడి గూటి ముందు నిలబడి చేతులెత్తింది.

“నూకాలమ్మ తల్లీ, ఆ సేపలు సచ్చిపోవాల. ఒక్కటీ మిగలకూడదు. నూటెనిమిది కొబ్బరికాయలు కొడతాను.”

బుధవారం పొద్దున లింగరాజు తనే ఫోను చేశాడు.

“పట్టా తీసెయ్యండి వాసుదేవరావు గోరూ. గాలాడక లోపల విషం పట్టేస్తాది. గుర్రపుడెక్క కూడా తీసి పారెయ్యండి. పొద్దూ సాయంత్రం సగం నీళ్ళు తోడేసి కుళాయి నీళ్ళు పట్టండి.”

“కుళాయి నీళ్ళు మంచులా ఉంతాయి గదండీ?”

“అలవాటవ్వాల గదా.”

“మీరు ముప్పయ్యేళ్ళ నించీ పెంచుతున్నారు. మీ మాట కాదంటానా?” అన్నాడాయన.

లింగరాజు ఫోను కింద పెట్టి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

గురువారం పొద్దున వాసుదేవరావు ఫోను మోగింది. ఆయన ఏడుస్తున్నాడు.

“అన్నీ పోనాయండీ. పిల్లల్తో సహా. నా సేతుల్తోనే సంపీసినానా లింగరాజు గోరూ?”

“మీ తప్పేటీ నేదు. మళ్ళీ పంపుతాను. కాయితం ఇప్పుడే రాసి ఫొటో తీసి పెట్టండి.”

“ఇదే ఆఖరండీ. ఇవీ పోతే గుంట పూడిపించేస్తాను. సూళ్ళేను.”

కాయితం వచ్చింది. మంగాయమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది.

శుక్రవారం తెల్లారాక దండాసి బండి తీశాడు. నాలుగు పీపాలు, వెనక ఇద్దరు మనుషులు. లింగరాజు, మంగాయమ్మ వీధి చివరిదాకా నడిచారు. బండి మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడ్డారు.

శనివారం పొద్దున్నే దండాసి ఫోను చేసి ఒకే మాట అన్నాడు: “దింపీసినాను.”

లింగరాజు ఖాళీ తొట్టి గట్టు మీద కూర్చుని లెక్క తేల్చుకున్నాడు: బళ్ళు తొమ్మిది, చచ్చిన చేపలు రెండు వేల పైచిలుకు, లాభం సున్న, సైన్యంలో చేరమని చీటీ అందాక తప్పించుకోవడానికి పీపాల వెనక కూలీలుగా కూర్చుని గేట్లన్నీ దాటి మళ్ళీ తిరిగి రాని కుర్రాళ్ళు పద్దెనిమిది మంది, అందులో ఆఖరివాడు తన కొడుకు.