జలుబు చేసిన జైలరు

నా చివరి కీమో అయిన రెండో వారంలో దేవుడు నా పక్షం వహించాడు. అక్కకి జలుబు చేసింది.

నోరంతా పుళ్ళయినా "మింగరా" అంటూ చప్పిడి కూడు కుక్కిన జైలరు, నా స్నేహితుల్ని గుమ్మంలోంచే తరిమేసిన రాక్షసి, ముక్కు చీదుతూ నా గది ముందు నిలబడింది.

"ఆగక్కడ! నా తెల్లకణాలు ఇంకా పుంజుకోలేదు. నీ జలుబు నాకంటిస్తావా?" అన్నాను, అచ్చం ఆమె గొంతుతోనే.

"ఒరేయ్ గుండూ, మాత్ర వేసుకునే టైమైందిరా."

"గుమ్మంలో పెట్టి పో. ఏడిస్తే ఏడువు." అదీ ఆమె డైలాగే.

తలుపేసి గడియ పెట్టాను. ఆహా, పగ తీరితే ఇంత ఆకలేస్తుందని ఎవరూ చెప్పలేదు!

అవతల ఓ తుమ్ము వినబడింది. తర్వాత అక్క మెల్లగా అంది:

"మొత్తం ఇవాళే తీర్చేసుకోకురా. నాలుగో కీమోకి రానని మంచం పట్టుకుని కూర్చున్నావు. 'నీమీద పగ తీర్చుకోడానికైనా బతుకుతానే రాక్షసీ' అని తిడుతూ లేచావు. ఆరోజు నుంచే నిన్ను కావాలని ఏడిపించాను. కాస్త పగ మిగుల్చుకో."

గడియ తియ్యకుండానే అరిచాను: "ముందు నీ జలుబు తగ్గనీవే రాక్షసీ! అప్పుడు చెప్తా నీ పని."